కుర్చీ వదిలిన అభ్యర్థి

ఆరో రౌండు వచ్చేసరికి రోజాకి రోజా మీద ఆసక్తి పోయింది.

మొదటి రౌండులో "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు ఆమె నిజంగానే ఒక క్షణం ఆలోచించి చెప్పింది. రెండో రౌండులో అవే మాటలు కాస్త నున్నగా వచ్చాయి. నాలుగో రౌండుకి ఆ మాటల్లో ఉన్న మనిషి ఎవరో వేరే అమ్మాయి అయిపోయింది. జావాలో అనుభవం ఉన్న అమ్మాయి, నలుగురితో కలిసి పనిచేయడం ఇష్టపడే అమ్మాయి, ఒత్తిడిని అవకాశంగా చూసే అమ్మాయి. లాప్‌టాప్ తెర మూలన చిన్న గడిలో ఆ అమ్మాయి కనిపిస్తూ ఉండేది. తల బాగానే ఊపేది. ఎదుటివాళ్ళు జోకు వేయబోతున్నారని తెలియగానే నవ్వుకి పెదాలు సిద్ధం చేసుకునేది. ఆమెని చూస్తూ, ఉద్యోగం ఈమెకొస్తే నేనేం చేయాలి అనుకునేది రోజా.

ఉద్యోగం మాత్రం కావాలి. నాలుగేళ్ళపాటు సూళ్లూరుపేట నుంచి చెన్నైకి రైల్లో వెళ్ళి వచ్చింది. తెల్లవారకముందు బయలుదేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరే బతుకు. పనిరోజుల్లో తన ఇల్లు తనకి ట్యూబులైటు వెలుతురులోనే తెలుసు. కంపెనీ చెన్నై ఆఫీసు మూసేశాక, ఇంట్లో ఉన్న మొదటి వారంలో, తూర్పు కిటికీలోంచి వచ్చే ఎండ బియ్యం డబ్బా దాకా పాకి అక్కడ ఆగుతుందని కనిపెట్టింది. ఇంత చిన్న సంగతికి అంత సంతోషం ఎందుకో అర్థం కాలేదు కానీ, సంతోషం మాత్రం వచ్చింది. ఆ వారంలోనే బెంగళూరు కంపెనీ ప్రకటన కంటపడింది. ఇంటి నుంచే పని, ఎప్పటికీ. ఆ "ఎప్పటికీ" దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగింది.

ఈలోగా చెన్నై గిండీలో ఇంకో కంపెనీ ఆమెని ఒక్కసారి పిలిచి, కాసేపు మాట్లాడి, సోమవారం చేరమంది. చేరేదీ లేనిదీ శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమంది. కాబట్టి ఇల్లా, రైలా అన్నది శుక్రవారానికి తేలాలి. బెంగళూరు వాళ్ళు తేల్చాలి.

వాళ్ళు తేల్చేవాళ్ళలా లేరు.

"మా ప్రాసెస్ చాలా సింపుల్ రోజా గారూ, మూడే రౌండ్లు" అన్నాడు మొదటిరోజు ఫోన్లో సుశీల్ కుమార్. ఆ కంపెనీ హెచ్ఆర్ మనిషి, తెలుగువాడే, గొంతులో ఎప్పుడూ ఒక అభినందన సిద్ధంగా ఉంటుంది. రెండో రౌండులో ఎదుట మనిషే లేడు. తెర మీద ఒక ప్రశ్న, పక్కన తగ్గిపోతున్న సెకన్లు. మీ జీవితంలో ఒక ఓటమి గురించి చెప్పండి. ఎదుట ఎవరూ తల ఊపకపోతే వాక్యం ఎక్కడ ఆపాలో తనకి తెలియదని రోజాకి ఆరోజే తెలిసింది. ఓటమి మధ్యలో ఉండగానే సమయం అయిపోయింది. మూడో రౌండు "చిన్న అసైన్‌మెంటు". శని, ఆదివారాలు రెండూ దానికే పోయాయి. నాలుగో రౌండు మూడుసార్లు వాయిదా పడి జరిగింది. ఆ రౌండు తీసుకున్నాయన అసైన్‌మెంటు తెరిచి చూడలేదు. "మీరే నోటితో చెప్పేయండి" అన్నాడు. ప్రతి రౌండు తర్వాతా సుశీల్ కుమార్ ఫోను చేసి, అభినందనలు చెప్పి, ఇంకొక్కటే ఉందని అనేవాడు. అతను అబద్ధం చెప్తున్నట్టు అనిపించేది కాదు. అతనికీ ఎవరో అలాగే చెప్తున్నారేమో.

ఈ కథంతా శ్రద్ధగా వింటున్నది రోజా అత్త నాగులమ్మ. పులికాట్ ఒడ్డు పల్లెల నుంచి రొయ్యలు, పీతలు తెప్పించి పేట మార్కెట్లో అమ్ముతుంది. ఎండెక్కేసరికి బేరం ముగించుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కోడలి పక్కన కూర్చుంటుంది. ఈ ఇంటర్వ్యూలు మొదలయ్యాక సీరియల్ చూడటం మానేసింది.

"ఇయ్యాల ఎవురొచ్చినారు?" అంది, అయిదో రౌండు రోజున.

"ఒకాయన. కెమెరా ఆపుకోని పెరుగన్నం తిన్నాడత్తా."

"పెరుగన్నమని నీకెట్టా తెలుసు?"

"స్పూను శబ్దం లేదు. ఆఖర్లో వేళ్ళు నాకిన శబ్దం వచ్చింది."

"మజ్జిగ్గూడా అయ్యుండొచ్చు. సరే, ఏమడిగినాడు?"

"అయిదేళ్ళ తర్వాత నువ్వు యాడుంటావు అని."

"ఈడే ఉంటానని చెప్పలా?"

"అట్టా చెప్పకూడదంట."

"మరి యాడికి పోతావంట?" నాగులమ్మ నిజంగానే అడిగింది. కాలి వేళ్ళ మధ్య తడి తుడుచుకుంటూ మళ్ళీ తనే అంది: "కొనేవాడు మొప్ప ఎత్తి ఒకసారి చూస్తాడు. పోనీ రెండుసార్లు చూస్తాడు. ఇన్నిసార్లు ఎత్తితే చేప చెడిపోతాదే."

రోజా భర్త సుకుమార్ తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "నన్ను బూట్ల సైజు అడిగినారు. చెప్పినా. మర్నాడు చేరినా" అన్నాడు. అప్పటికి నాలుగుసార్లు అన్నాడు ఆ మాట.

ఆరో రౌండు పరీక్ష. బుధవారం మధ్యాహ్నం. కెమెరా ముందు కూర్చుని కోడ్ రాయాలి. మనిషి కాపలా ఉండడు, సాఫ్ట్‌వేరే కాపలా. ముందు లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గది నాలుగు గోడలూ చూపించింది. మంచం కింద చూపించమంటే అదీ చూపించింది. ఫోను వేరే గదిలో పెట్టాలి. గదిలోకి ఎవరూ రాకూడదు. గొంతు వినపడకూడదు. చూపు తెర దాటకూడదు. కుర్చీ వదలకూడదు.

"నేను మిద్దె మీద రొయ్యలు ఎండబెట్టుకుంటా. దగ్గు కూడా దగ్గను" అని నాగులమ్మ మాట ఇచ్చి పైకి వెళ్ళిపోయింది.

పరీక్ష బాగా సాగింది. చాలాకాలం తర్వాత రోజా తనని తాను చూసుకోవడం మరిచిపోయింది. మూల గడిలో అమ్మాయి కూడా నటన మానేసి పనిలో పడినట్టుంది. మొదటి రెండు ప్రశ్నలూ అయ్యాయి. మూడోది సగం అయింది. ఎక్కడ తప్పుందో కనబడుతోంది, దాన్ని పట్టుకోవడమే మిగిలింది.

మెట్ల మీద అడుగులు. కింద పోర్షన్ వాళ్ళు, వాళ్ళ వెనక ఇంకెవరో, చెప్పుల్లేకుండా, వేగంగా. తర్వాత కిటికీ రెక్కలు సన్నగా వణికాయి. ఆ వణుకు వెనకనుంచి బరువైన శబ్దం ఒకటి, చెవికంటే ముందు పక్కటెముకలకి తెలిసే శబ్దం, గదిలోకి వచ్చింది.

రోజా మిద్దె మీద ఉంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని తూర్పు వైపు చూస్తోంది. ఎండలో రాకెట్ నిప్పు చుక్క అప్పటికే చాలా పైకి పోయింది; దాని వెనక తెల్లటి పొగ మెల్లగా సముద్రం వైపు వంగుతోంది. పక్క మిద్దెల మీద కూడా జనం. ఎదురింటి టైలరు మెడలో టేపుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"వంగింది వంగింది" అన్నారెవరో.

"నిన్న పోవాల్సింది. ఈరోజుకి మార్చినారు."

"పోయింది" అన్నాడు టైలరు. ప్రతిసారీ చివర్న ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అన్నాక అందరూ దిగుతారు.

నాగులమ్మ ఎండు రొయ్యల మధ్య నిలబడి కోడలి వైపు తిరిగింది. "అప్పుడే అయిపోయిందా మే పరీక్ష?"

అప్పుడు తెలిసింది రోజాకి తను ఎక్కడ ఉన్నదీ.

కిందికి వచ్చేసరికి తెర ఎర్రగా ఉంది. అభ్యర్థి కుర్చీ వదిలారు. అభ్యర్థి గది వదిలారు. పరీక్ష ముగించబడింది. కింద చిన్న పెట్టె, కారణం ఎంచుకోమని: అనారోగ్యం, కరెంటు పోవడం, నెట్ పోవడం, ఇతరం.

ఆమె ఆ తెర ముందు నిలబడే ఉంది. విచారం ఇంకా రాలేదు. దానికంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. తలుపు గడియ తనే తీసి ఉండాలి. మెట్లు తనే ఎక్కి ఉండాలి. ఆ రెండూ ఎంత వెతికినా జ్ఞాపకంలో లేవు. వద్దనుకుని ఉంటే ఆగేదేమో. కానీ అనుకోవడానికి ఎవరూ అక్కడ లేరు. ఇన్ని రౌండ్లుగా ప్రతి చూపునీ, ప్రతి నవ్వునీ కాపలా కాస్తూ వచ్చిన మనిషి ఒక్క శబ్దానికి మాయమైపోయింది. మిగిలిన మనిషి చక్కగా మిద్దె ఎక్కి చూసి వచ్చింది.

"కరెంటు పోయిందని పెట్టు" అంది నాగులమ్మ గుమ్మంలో నుంచి. "మన ఊళ్ళో పోదా ఏంది, ఎవురు నమ్మరు?"

"కరెంటు పోతే కెమెరా పోవాలత్తా. కుర్చీ మాత్రం ఖాళీగా కనపడింది."

"అయితే కడుపునొప్పి అని పెట్టు. కడుపునొప్పికి కెమెరా ఏం చేస్తాది?"

కడుపునొప్పి మంచి కారణమే. రోజా వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. కానీ మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికో రౌండు పెడతారు. ఆమె "ఇతరం" నొక్కి, రాకెట్ చూడ్డానికి మిద్దె ఎక్కానని రాసింది. రాసి చూసుకుంటే అది మూడో తరగతి పిల్ల రాసిన మాటలా ఉంది. అలాగే పంపేసింది.

మర్నాడు సుశీల్ కుమార్ ఫోను చేశాడు. గొంతులో అభినందన లేదు. "మేడం, సిస్టమ్ ఫ్లాగ్ చేసింది. మామూలుగా ఇక్కడితో అయిపోతుంది. కానీ మీరు రాసిన కారణం మా లిస్టులో ఎక్కడా లేదు. లిస్టులో లేనిదాన్ని రిజెక్ట్ చేయడానికి మాకు ఆప్షన్ రావట్లేదు. కాబట్టి ఇంకొక్క రౌండు."

"శుక్రవారం సాయంత్రంలోగా నాకు తెలియాలండీ."

"శుక్రవారం పొద్దున్నే పెట్టించాను. ఇదే ఆఖరిది" అని, ఒక్క క్షణం ఆగి, "అని చెప్పారు" అన్నాడు.

శుక్రవారం తెర మీద కనిపించిన మనిషి పేరు హెబ్రోను. నలభై దాటినవాడు. కళ్ళజోడులో లాప్‌టాప్ వెలుతురు రెండు చిన్న కిటికీల్లా మెరుస్తోంది. ఇంగ్లీషులో పలకరించి, ఊరి పేరు వినగానే తెలుగులోకి వచ్చేశాడు.

"నేను ఒంగోలులో ఉంటానండీ, ఇంటి నుంచే. మీ వీడియో చూశాను. మీరు వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీని కూడా చూశాను, చివరిదాకా."

"ఎలా ఉందండీ కుర్చీ?" అంది రోజా. అనకూడదేమో అని తర్వాత అనిపించింది.

"కాసేపు తిరిగింది. ఆగింది." ఆయన నవ్వలేదు, కానీ నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడినట్టున్నాడు. "రాకెట్ అంతకుముందు చూడలేదా మీరు?"

"పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను."

"మరి ఎందుకు లేచారు?"

మూల గడిలో అమ్మాయి వెంటనే సర్దుకుంది. విజ్ఞానం మీద మక్కువ, కొత్తది తెలుసుకోవాలనే తపన, దేశం, బృందస్ఫూర్తి. అన్నీ వరసగా నాలుక చివరికి తెచ్చుకుంది. ఆమె నోరు తెరవకముందే రోజా మాట్లాడేసింది.

"చూడ్డానికి కాదండీ. మా వీధిలో కిటికీలు కదిలినప్పుడు పైకి రాని మనిషిని తర్వాత పలకరిస్తారు, ఏం, ఒంట్లో బాగాలేదా అని. ఇంట్లో ఉండి కూడా రాలేదంటే జ్వరమో, గొడవో అయ్యుండాలి. నేను లేవాలని అనుకోలేదు. లేచానని పైకి వెళ్ళాక తెలిసింది."

"రేపు ఉద్యోగంలో చేరాక, మీటింగులో ఉండగా కిటికీలు కదిలితే?"

ఇదే అసలు ప్రశ్న అని ఇద్దరికీ తెలుసు. లేవను అంటే చాలు.

"చెప్పి లేస్తాను" అంది.

హెబ్రోను ఏదో రాసుకున్నాడు. "పోనీ, ఒక్క మాట, ఇంటర్వ్యూకి సంబంధం లేదు. అది ఒంగోలు దాకా కనిపిస్తుందంటారా? మా మేడ మీది నుంచి ఎప్పుడూ చూడలేదు" అంటూ పక్కకి తిరిగి, తన కిటికీలోంచి ఆకాశం ఎత్తు కొలుస్తున్నట్టు చూశాడు.

మెత్తగా ఒక గంట మోగింది. వెంటనే ఆయన మెడ ముందుకొచ్చింది, భుజాలు సమంగా అయ్యాయి. ముఖం తెర మధ్యలోకి వచ్చి నిలిచింది. మాట మాత్రం ఆగలేదు: "మబ్బు లేకపోతే కనిపించొచ్చు."

రోజా తన తెర అంతా వెతికింది. "నా వైపునా అండీ ఆ గంట?"

"నాదిలెండి."

"మీక్కూడానా?"

"అందరికీ ఉంటుంది. ఇంటి నుంచి పని కదా, ఎవరెక్కడున్నదీ తెలియాలి. పొద్దున లాగిన్ నుంచి సాయంత్రం లాగౌట్ దాకా. టీకి లేవాలంటే కారణం నొక్కి లేవాలి. మొదట్లో చిరాకుగా ఉంటుంది. తర్వాత అలవాటైపోతుందండీ. నాకిప్పుడు ఆదివారం చర్చిలో కూడా మెడ పక్కకి తిరగదు."

జోకుగానే అన్నాడు. రోజా నవ్వింది. గడిలో అమ్మాయి కూడా సరిగ్గా అప్పుడే నవ్వింది.

ఇన్ని వారాల నత్తనడక తర్వాత ఆఫర్ అన్నం ఉడికేలోపల వచ్చేసింది. సుశీల్ కుమార్ గొంతు నిండా అభినందనలే. "మీ నిజాయితీ హెబ్రోను గారికి బాగా నచ్చిందండీ. కెమెరా పాలసీ ఒక్కటి చదువుకుని ఓకే చేయండి. అందరికీ ఒకటే, మార్చడానికుండదు. మిగతాదంతా ఫార్మాలిటీ."

పగటి షిఫ్టు లేక ఇంట్లో ఉన్న సుకుమార్ అన్నం ముందు కూర్చున్నాడు. నాగులమ్మ వడ్డిస్తోంది. రోజా పాలసీ చదివి వినిపించింది.

"కెమెరాదేముంది" అంది నాగులమ్మ. "అన్నమడగదు, మంచం అడగదు. అదొక పక్కనుంటాది. రైల్లో నిలబడి కాళ్ళు వాచేదానికంటే మేలు కదా. నేను బేరం చూసుకోనొచ్చి నీ పక్కన కూర్చోని రొయ్యలు ఒలుచుకుంటా."

"రెండో మనిషి కనపడితే మోగుతాదత్తా."

గరిటె గాలిలో ఆగింది. "నా ఇంట్లో నేను రెండో మనిషినా?"

"దానికి అంతే."

"మరి నేనెప్పుడు రావాల?"

"ఆరు దాటినాక."

"రైలు దిగి నువ్వు ఇంటికొచ్చే టయానికా?" నాగులమ్మ కొడుకు వైపు తిరిగింది. "నువ్వేమంటావురా?"

"నాకు బూట్ల సైజు..."

"నువ్వు తిను."

రోజా తినలేదు. లాప్‌టాప్ మీద ఓకే అనే గుర్తు పచ్చగా ఎదురుచూస్తోంది. ఆమెకి కెమెరా అంటే భయం లేదు. ఏడు రౌండ్లలో దాంతో ఒక రకమైన స్నేహం కూడా కుదిరింది. హెబ్రోను మీద కోపం అసలే లేదు. భయమల్లా ఆయన అన్న ఒక్క మాటకే. అలవాటైపోతుంది. తప్పకుండా అవుతుంది. తనకి దేనికైనా తొందరగా అలవాటైపోతుందని ఆమెకి తెలుసు. రైల్లో ఒంటికాలి మీద నిద్రపోవడం ఒక్క నెలలో నేర్చుకుంది. ఇదీ నేర్చుకుంటుంది. ఏడాదికో, రెండేళ్ళకో, కిటికీ రెక్కలు వణికిన ఒక మధ్యాహ్నం కుర్చీ కదలదు. ఎవరూ ఆపి ఉండరు. లేవాలనిపించి ఆగడం కూడా కాదు. లేవాలని అనిపించదు. తర్వాత వీధిలో టైలరు కనపడి ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందే అంటుంది, నిజంగా అలాగే అనుకుంటూ.

అదంతా వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు. "నేను రైలుకే పోతాను" అంది.

సుకుమార్ ముద్ద ఆపి చూశాడు. "ఇల్లు కావాలని ఇన్నాళ్ళు ఏడిస్తివి కదా."

"ఇల్లు కావాలనే."

నాగులమ్మ కోడలి కంచంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టింది. పెట్టి అంది: "శనాదివారాలు అయితే ఇంటికాడే కదా."

"ఇంటికాడే."

"సరే అయితే."

గిండీకి ఫోను చేసి సోమవారం వస్తున్నానని చెప్పింది. అటువైపు ఆయన "సరేనమ్మా, కింద సెక్యూరిటీకి పేరు చెప్పి ఉంచుతాను" అని పెట్టేశాడు. బెంగళూరుకి రెండు వాక్యాల మెయిలు రాసింది. హెబ్రోనుకి విడిగా ఒక మాట రాద్దామనుకుంది. ఏమని రాయాలో తోచక, మబ్బు లేని రోజున మేడ ఎక్కి చూడమని రాసి, పంపేముందు అది కూడా అక్కడ ఎవరో చదువుతారని గుర్తొచ్చి తుడిచేసింది.

ఎండ తగ్గాక సుకుమార్ బండి మీద స్టేషనుకి తీసుకెళ్ళాడు. కౌంటరులో గాజు వెనక కూర్చున్నాయన తల ఎత్తలేదు.

"యాడికి?"

"చెన్నై, గిండీ. సీజన్ టికెట్."

"నెలకా, మూడు నెలలకా?"

రోజా ఆలోచించింది. వెనక లైనులో ఉన్నామె దగ్గింది.

"మూడు నెలలకి."

ఐడీ కార్డు ఒకసారి చూశాడు. టికెట్టు గాజు కిందనుంచి ఇవతలికి వచ్చింది.

"అప్పుడే ఇచ్చేసినారా?" అన్నాడు సుకుమార్ బండి స్టార్టు చేస్తూ.

"ఇచ్చేసినారు."

"కిటికీ పక్కన సీటు ఏమన్నా దొరుకుతాదా ఈసారి?"

"నాలుగేళ్ళు దొరకలా. ఇప్పుడెట్టా దొరుకుతాది?"

బండి స్టేషను రోడ్డు దాటింది. సోమవారం మళ్ళీ చీకట్లో లేవాలన్న సంగతి అప్పుడు నిజంగా గుర్తొచ్చింది ఆమెకి. తలుచుకోగానే ఆవలింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, సాంతం ఆవలించింది.